టెంప్ ఫోల్డర్‌లో అక్క దుకాణం

"కంప్యూటర్లనే ఉండె. ఇప్పుడు లేదు."

ఎక్కడ పెట్టావని అడిగితే ఫోన్‌లో అక్క చెప్పింది ఇంతే. నేను చేవెళ్ళలో ఒక జూనియర్ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఈ "కంప్యూటర్లనే" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తాళాలు ఎక్కడ పెట్టావంటే "ఇంట్లనే" అనే మనిషిని ఏం చేస్తాం? కంప్యూటర్‌లో ప్రతిదానికీ ఒక చిరునామా ఉంటుందని ఏడాది పొడవునా గొంతు చించుకుంటాను. పిల్లలు బుద్ధిగా తలలూపుతారు. తీరా ప్రాక్టికల్స్‌లో ఫైలు తెరవమంటే డెస్క్‌టాప్ మీద బిక్కమొహాలతో వెతుకుతారు. సొంత అక్క కూడా ఆ బాపతేనని తెలిసి మొదట కోపం వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. పోయినవి ఆమె డిజైన్లు.

అక్కావాళ్ళది మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్. ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని జాకెట్ల మీద పూలూ లతలూ కుడుతుంది. అలాంటి మిషన్లు చేవెళ్ళ రోడ్డు వెంట చాలానే ఉన్నాయి. అందరూ ఇంటర్నెట్‌లో దొరికే నెమళ్ళూ మామిడి పిందెలే కుడతారు. అక్క తనే గీసుకుంటుంది. బావ పొలంలో పండించే కొత్తిమీరను చూసి చూసి, ఆ ఆకును ఒకసారి జాకెట్ చేతుల అంచుకు తెచ్చింది. తరువాత గోంగూర వచ్చింది, మెంతికూర వచ్చింది, ముల్లంగి పువ్వు వచ్చింది. "జాకెట్లా, కూరగాయల బండా?" అని తక్కిన మిషన్ల వాళ్ళు నవ్వారు. ఆలూరు నుంచి ఒక పెళ్ళికూతురు వెతుక్కుంటూ వచ్చి అవే కావాలని కుట్టించుకున్నాక నవ్వడం మానేసి ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు.

ఫోటో చూసి కుడితే ఆకు ఆకులా రాదు. దారం ఎక్కడ మొదలై ఎటు తిరగాలో అక్క గీసిన ఫైలులో మాత్రమే ఉంటుంది. ఆ ఫైళ్ళు లేకపోతే అక్క కూడా ఆ రోడ్డు మీద మిషన్ ఉన్న అందరిలో ఒకతి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

కాలేజీకి దసరా సెలవులు ఇంకా ఉన్నాయి. చేవెళ్ళలో బస్సెక్కి, మధ్యలో దిగి, షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని ఆమె ఇంటికి చేరాను. మిషన్ ఆగి ఉంది. దాని ఫ్రేమ్‌లో ఆకుపచ్చ పట్టుగుడ్డ బిగించి ఉంది. ఒక పెళ్ళి జాకెట్‌కు వీపు భాగం కుట్టడం అయిపోయింది, చేతులు మిగిలాయి. చేతుల డిజైన్ గీసి కంప్యూటర్‌లో దాచుకుంది కానీ ఇంకా మిషన్‌కు ఎక్కించలేదట. పెళ్ళి వచ్చే వారమే.

"ఏమైందో మొదటికెల్లి చెప్పు," అన్నాను.

"పండుగ అయినంక ఇయ్యాల పొద్దుగాలనే కంప్యూటర్ ఆన్ చేసిన. సాఫ్ట్‌వేర్ బొమ్మ తెల్లగ అయిపోయి ఉన్నది. నొక్కితే దొరుకుతలేదని వస్తున్నది. సరే తియ్యి అని మళ్ల డౌన్‌లోడ్ చేసిన. తెరుచుకున్నది. లోపట ఒక్క డిజైన్ లేదు చెల్లె. కిరాయికి దిగబోయే ఇల్లు లెక్క ఖాళీ."

"మొదట్ల దాన్ని ఏడ ఇన్‌స్టాల్ చేసినవ్?"

"కంప్యూటర్లనే."

"కంప్యూటర్ల ఏడ?"

"డెస్క్‌టాప్ మీద. రోజు కండ్లకు కనిపిస్తుండె గదా!"

పళ్ళు నూరుకున్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించేది సాఫ్ట్‌వేర్ కాదు, దానికి దారి చూపే గుర్తు. వాళ్ళ రోడ్డు మీద మలుపు మలుపుకూ ఫామ్‌హౌస్‌లకు బాణం గుర్తు బోర్డులు ఉంటాయి. బోర్డు దగ్గర నిలబడి ఇదే ఫామ్‌హౌస్ అంటే ఎట్లా అని అడిగాను. అక్క మౌస్ నా వైపు జరిపింది. మామూలుగా అయితే నాకు రెండు తగిలించేది.

ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ల జాబితా తెరిచాను. అందులో దాని పేరు లేదు. ఉండదని నాకు తెలుసు కానీ అక్కకు తెలియదు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఫికర్ చెయ్యకు. అది పోర్టబుల్ సాఫ్ట్‌వేర్. గీ లిస్టులకు రాదు," అన్నాను.

పోర్టబుల్ అంటే మామూలు సాఫ్ట్‌వేర్‌లా కంప్యూటర్ నిండా పరుచుకోదు. తన సామానంతా ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటర్ దగ్గరకైనా పోవచ్చు. మంచి సదుపాయమే. కాకపోతే మనం ఎక్కడ దింపితే అక్కడే దిగుతుంది, ఎక్కడ దిగిందో ఎవరికీ చెప్పదు. అక్క సాఫ్ట్‌వేర్ అయితే గీసిన డిజైన్లను కూడా తన ఫోల్డర్‌లోనే దాచుకునే రకం. కాబట్టి అది దొరికితే అన్నీ దొరుకుతాయి.

మామూలుగా ఉండే చోట్లన్నీ చూశాను. డౌన్‌లోడ్స్‌లో సాఫ్ట్‌వేర్ మూటకట్టి వచ్చిన జిప్ ఫైలు ఒక్కటే ఉంది. డి డ్రైవ్‌లో అక్క పెళ్ళి వీడియో, బావ బోరు వేయించినప్పటి ఫోటోలు ఉన్నాయి. చివరికి ఆ తెల్లబోయిన బొమ్మ మీదే మౌస్ కుడివైపు మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిచాను. బోర్డు దారి చూపే ఇల్లు కూలిపోయినా చిరునామా బోర్డు మీద అట్లాగే ఉంటుంది. పొడుగాటి దారి అది. దాని మధ్యలో టెంప్ అన్న మాట కనబడింది. పొద్దున అక్క మళ్ళీ తెచ్చుకున్న కొత్తది కూడా అక్కడే దిగి ఉంది.

సంగతి అర్థమైపోయింది. మొదటిసారి తెచ్చుకున్నప్పుడు అక్క ఆ జిప్ ఫైలును విప్పి బయట పెట్టలేదు. తెరిచి, లోపలున్న సెటప్ మీద అక్కడికక్కడే నొక్కేసింది. అట్లా నొక్కితే కంప్యూటర్ దాన్ని టెంప్ ఫోల్డర్‌లోకి తీసుకుని నడిపిస్తుంది. ఎక్కడ దిగమంటారని సెటప్ అడుగుతుంది. అడుగుతూనే, తెర మీద ఒక డబ్బాలో తాను నిలబడ్డ చోటునే చూపిస్తుంది.

"ఆ డబ్బాల ఏం రాసి ఉండెనో సదివినవా?"

"నెక్స్ట్ అని ఉండె. నెక్స్ట్ కొట్టిన. ఎవ్వర్ని అడగకుండ నేనే చేసుకున్న. నీకు గుడ చెప్పలే," అంది.

నిజమే. అప్పట్లో ఆ సంగతి నాకు చాలా గొప్పగా చెప్పుకుంది కూడా, అంతా అయ్యాక.

టెంప్ అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు కావలసినవి పడేసుకునే చోటు. చుట్టాలు చెప్పులు విడిచే చోట బీరువా పెట్టుకున్నట్టు అక్క తన దుకాణమంతా అక్కడ పెట్టుకుంది. ఎవరూ ఊడ్వలేదు కాబట్టి రెండేళ్ళు నడిచిపోయింది. మరి ఇప్పుడు ఊడ్చిందెవరు?

"దీన్ని క్లీన్ చేసిందెవరు?" అని గట్టిగానే అడిగాను.

అక్క తల వంచుకుంది. ఆమెకు అప్పటికే తెలిసిపోయిందని నాకు తోచింది. జవాబు వాకిట్లోంచి వచ్చింది.

"నేనే. పండుగకు," అంటూ బావ గడప దగ్గరికి వచ్చాడు. కొత్తిమీర కట్టలు కడుతున్నాడేమో, చేతులు తడిగా ఉన్నాయి. మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఏటా దసరాకు బావ తన ట్రాలీ ఆటోను కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తాడు. బోరు మోటారు స్టార్టర్ డబ్బాకూ, మందు కొట్టే పంపుకూ, కొడవళ్ళకూ పూజ చేస్తాడు. అక్క మిషన్ ఆ వరుసలోకి ఎన్నడూ రాలేదు. బావ చెడ్డవాడేం కాదు. ఆయన లెక్కలో అది ఇంట్లో ఆడవాళ్ళు పొద్దుపోక కుట్టుకునేది, అంతే. నిరుడు అక్కే ఎవరూ చూడకుండా దానికింత కుంకుమ పెట్టుకుంది. ఈ ఏడు బావ తనంతట తానే ముందుగదిలోకి వెళ్ళాడు. మిషన్ తుడిచాడు. కీబోర్డు సందుల్లో దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో తీశాడు. మానిటర్‌కు మూడు వైపులా బొట్లు పెట్టి, సీపీయూకు దండ వేశాడు. ఆ రోజు అక్క నాకు ఫోన్ చేసి, "మీ బావ నా మిషన్‌కు పూజ చేసిండు చెల్లె," అంది. ఇంకేదో చెప్పబోయి చెప్పలేక నవ్వింది. నగలు చేయించినప్పుడు కూడా ఆమె గొంతు అట్లా లేదు.

"ఉత్త మీద మీద తుడిస్తె ఏం లాభం? లోపట గుడ చెత్త ఉంటదని ఫోన్ల వీడియో చూసిన. వాడు చెప్పినట్టు అన్నిటికి టిక్కులు పెట్టి తీసేసిన. పూజకు పెట్టే వస్తువు లోపట చెత్త ఉంటె మంచిగుంటదా?" అన్నాడు బావ.

సీపీయూ మీద ఆ దండ వాడిపోయి ఇంకా వేలాడుతోంది.

నాకు విషయం చుట్టూ తిప్పి చెప్పడం చేతకాదు. ఉన్నదున్నట్టే చెప్పాను. "బావా, ఆ చెత్త ఉన్నకాడనే అక్క సాఫ్ట్‌వేర్ ఉండె. డిజైన్లన్నీ దాంట్లనే ఉండె. తుడిచింది తప్పు కాదు, పెట్టిన జాగనే తప్పు."

ఆయన నన్ను చూశాడు, అక్కను చూశాడు, కంప్యూటర్ వైపు చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అక్క ఆయన వైపు తిరగలేదు.

తీసేసిన ఫైలు ఆ క్షణానే మాయం కాదు. ఆ జాగా ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. వేరేది వచ్చి అక్కడ కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. పొద్దున కొత్తగా దింపిన సాఫ్ట్‌వేర్ వేటి మీద కూర్చుందో తెలియదు. పోయిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. అదీ పోర్టబులే. దాన్ని కంప్యూటర్‌లోకి దింపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపించాను. అది మెల్లగా వెతుకుతుంటే అక్క చాయ్ పెట్టి తెచ్చింది. ముగ్గురం తెర వైపే చూస్తూ తాగాం.

ఫైళ్ళు వచ్చాయి, పేర్లు మాత్రం పోయాయి. ఒక్కొక్కటీ తెరుస్తుంటే అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇది ఆలూరు పిల్లది. ఇది మన చిన్నమ్మ కోడలికి గీసిన. ఇది ఎవ్వరికి కుట్టలే, ఊకెనే గీసుకున్న," అంటూ గుర్తుపట్టింది. కొత్తిమీర బాగానే వచ్చింది. గోంగూర సగం వచ్చి ఆగిపోయింది. ముల్లంగి పువ్వు తెరుచుకోలేదు. వచ్చినవాటి కంటే రానివే ఎక్కువ. రానివాటిలో ఆకుపచ్చ జాకెట్ చేతులు కూడా ఉన్నాయి. అవి రావని తేలిపోయాక, అక్క కొంగుతో మొహం ఒత్తుకుని, "మళ్ల గీస్త," అంది. నాకు చాలా బాధ కలిగింది. వచ్చినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పనిలో పడ్డాను.

డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేయించి, సాఫ్ట్‌వేర్‌ను ఈసారి అక్క చేతనే అందులోకి దింపించాను. ప్రతి డబ్బాలో ఏం రాసి ఉందో పైకి చదివించాను. బుద్ధిగా చదివింది. వచ్చిన డిజైన్లను అందులో పెట్టుకుంది.

అప్పుడు గడప దగ్గర్నుంచి బావ అన్నాడు. "ఇగ జన్మల దాని జోలికి పోను. మీది మీరే చూసుకోండ్రి."

అక్క గిర్రున తిరిగింది. పొద్దుటి నుంచీ ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

"పోయినయి మళ్ల గీసుకుంట. చేతులు నొస్తయి, గంతే. నువ్వు జోలికి పోనంటె మాత్రం నేను ఊకోను. ఇన్నేండ్లకు ఇది గుడ పనే అని నీకనిపించింది. మళ్ల ఏడాది గుడ నువ్వే పూజ చెయ్యాలె, నువ్వే తుడువాలె. ఏడ తుడువాలెనో, ఏడ తుడువద్దో నేను సూపెడ్త. రా, కూసో."

ఆయన తువ్వాలకు చేతులు తుడుచుకుని వచ్చి స్టూలు మీద ఒద్దికగా కూర్చున్నాడు. అక్క మౌస్ పట్టుకుని, టెంప్ తెరిచి, "గిది ఎప్పుడన్న ఊడ్సుకో," అంది. దాన్ని మూసి, డి డ్రైవ్‌లోకి వెళ్ళి కొత్త ఫోల్డర్ తెరిచింది. బావ వేలు చాపి, తెరకు తగలకుండా ఆపి, "ఇదేనా నీది?" అని అడిగాడు. "ఆఁ, గిదే నాది," అంది అక్క.

నాకు అసూయ కలిగింది. మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. వాటిలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అందులో నావి ఏవని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.