ఊడ్చిన అడవి

అటవీ పరిశోధనా కేంద్రంలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. ఆమె తుడిచిన గచ్చులో ముఖం చూసుకోవచ్చని తోటమాలి పెట్టిన పేరది. చీపురు చేతికొస్తే ఆమెకు గుమ్మం దాటిన సంగతి కూడా తెలిసేది కాదు.

చేరిన మొదటి వారంలోనే ఆఫీసు వెనక వాలెక్కి, చెట్ల కింద తాళ్లు కట్టిన రెండు జాగాల్లో ఒకదాన్ని ఆకన్నది లేకుండా ఊడ్చేసింది. ఎంత ఆకు రాలుతుందో, అదెన్నాళ్లకు మట్టిలో కలుస్తుందో అక్కడ పరిశోధన చేసే మేడమ్ లెక్కలు తీస్తున్న చోటది. మేడమ్ వచ్చి చూసి, తల పట్టుకుని బండ మీద కూలబడింది.

"చెత్తగా ఉంటే ఊడ్చాను మేడమ్," అంది అద్దాలక్క.

మేడమ్ ఊడ్చిన జాగానూ, పక్కదాన్నీ మార్చి మార్చి చూసింది. చివరికి, "సరే, ఒక పని చెయ్యి. దీన్ని వారం వారం ఇలాగే ఊడువు. పక్కదాన్ని మాత్రం ముట్టుకోకు. ఏమవుతుందో చూద్దాం," అంది.

ఆ మాట ఇంట్లో చెబితే, కుట్టుమిషన్ మీదున్న భర్త కాలు ఆపి, "అడవి ఊడవడానికి మనిషిని పెట్టుకున్నారా? రేపు సముద్రం తుడవమంటారేమో," అన్నాడు. ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదటి ఏడు పెద్ద తేడా తెలియలేదు. రెండో ఏటి వానలకు, ఊడ్చిన జాగా దిగువన, పారే నీళ్లు పట్టడానికి పెట్టిన డ్రమ్ము బురదనీళ్లతో పొర్లిపోయింది. పక్కదాని డ్రమ్ములో మాత్రం అడుగున రెండు చెంబుల తేటనీరుంది.

"మిగతా నీళ్లెటు పోయాయి మేడమ్?"

"లోపలికి. ఆ ఆకుల కింద చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. చల్లగా, మెత్తగా తగిలింది. సగం తిన్న ఆకులు, తెల్లటి దారాల్లాంటి బూజు, వానపాములు.

"చెట్టు వదిలేసిందాన్ని ఇవన్నీ నమిలి, మెత్తచేసి, మళ్లీ వేళ్లకే అందిస్తాయి," అంది మేడమ్.

"అంటే వారం వారం నేను చెట్టు ముందు నుంచి కంచం లాగేస్తున్నానన్నమాట."

మేడమ్ కాదనలేదు. పని మానడానికీ లేదు. ఆరేళ్లు తిరిగేసరికి ఊడ్చినచోట మట్టి గట్టిపడింది, చెట్ల ఆకులు చిన్నవై పాలిపోయాయి. ఎనిమిదో ఏట అద్దాలక్క ఉండబట్టలేక అడిగేసింది.

"తెలియాల్సింది తెలిసింది కదా మేడమ్. ఇక చాలిద్దాం."

"చాలిద్దాం. ఇప్పుడది కోలుకుంటుందో లేదో చూడాలి."

తీరా వదిలేస్తే, రాలిన ఆకు ఆ గట్టినేల మీద నిలవలేదు. గాలికి కొంత, వానకు కొంత కొట్టుకుపోయింది. అద్దాలక్క ఎండుకొమ్మలు ఏరి వాలుకు అడ్డంగా పరిచింది. ఆకు వాటికి తట్టుకుని ఆగింది. మేడమ్ తన రిపోర్టులో ఆ ఉపాయం ఎవరిదో కూడా రాసింది.

మూడేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం పెద్దవాన పడుతుంటే భర్త గొడుగుతో వచ్చాడు. ఆమె ఒకప్పుడు ఊడ్చిన ఆ జాగా దగ్గర నుంచి కదలలేదు. డ్రమ్ములోకి చుక్కలు మాత్రమే పడుతున్నాయి, అవీ తేటగా.

"పద, కాళ్లు జిల్లుమంటున్నాయి," అన్నాడతను.

"చెప్పులు విప్పి ఇక్కడ నిలబడు."

సణుగుతూనే విప్పాడు. "మెత్తగా ఉందే," అన్నాడు.

"ఇంకో పదేళ్లాగు. పరుపే," అంది, గొడుగు తన వైపు లాక్కుంటూ.