ప్రబు ఛాంపియన్ అయిన బుధవారం

పొద్దున లేవగానే, ముఖమైనా కడుక్కోకుండా, వెనింగ్ తన గైడ్ రెత్న మేడమ్‌కి ఒక మెసేజ్ రాసేది. ముందు నమస్కారం, ఆపైన ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ, పేరు, రోల్ నంబరు, అడగవలసింది ఒక్క వాక్యంలో, చివర కృతజ్ఞతలు. రాసినదాన్ని వసారాలో వేలాడే పంజరం దగ్గర నిలబడి ప్రబుకి చదివి వినిపించేది. ప్రబు అంటే వెనింగ్ వాళ్ల నాన్న పెంచుకుంటున్న మురై అనే పాటల పిట్ట. పొడవాటి తోక తప్ప గొప్పగా చెప్పుకోవడానికి వాడికి ఇంకేమీ లేదు. ఎనిమిది కొట్టకముందు అధ్యాపకులకు మెసేజ్ పంపడం మర్యాద కాదు. అందుకని ఎనిమిదిదాకా అందులో మాటలు మారుస్తూ కూర్చునేది. ఎనిమిది కాగానే, చాలా రోజులు, పంపకుండానే చెరిపేసేది.

ఇండోనేషియాలోని సోలో నగరంలో ఆమె చదువుతున్న కంప్యూటర్ సైన్స్ డిగ్రీ నాలుగేళ్లది. వెనింగ్‌కి అది ఏడో ఏడు. మొదటి గైడ్ పైచదువుకని మధ్యలో విదేశం వెళ్లిపోయాడు. ప్రాజెక్టు అంశం రెండుసార్లు మారింది. ఒక ఏడాదంతా ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే మూసేసేది. ఆ ఏడాది గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగో సెమిస్టర్‌లోపు వైవా పూర్తి కాకపోతే పేరు కొట్టేస్తారు. పాసైన నలభై పేపర్లూ ఎందుకూ పనికిరాకుండా పోతాయి. ఇది పద్నాలుగోది.

వీధి మొగలో టోఫు అమ్మే సుమి పిన్ని కనబడినప్పుడల్లా అడిగేది. "ఏమ్మా, పట్టా ఎప్పుడు? నా కోడలు నీ తర్వాత చేరిందా, పట్టా పుచ్చుకుందా, పిల్లాణ్ని కూడా కనేసింది!"

"వచ్చే నెల పిన్నీ."

"కిందటేడు కూడా ఇదే మాట చెప్పావు తల్లీ."

మురై పాట విని అది పోటీకి పనికొచ్చే పిట్టో, మామూలు ఇంటి పిట్టో చెప్పే ప్రోగ్రాం తయారుచేయడం ఆమె ప్రాజెక్టు. ఆదివారాలు నాన్నతో పాటు పిట్టల పోటీలకు వెళ్లి, గెలిచిన పిట్టల పాటలు ఫోనులో రెండు వందలు పట్టుకొచ్చింది. మామూలు పిట్టల పాటలు రెండు వందలు వీధిలోని వసారాల్లోంచి తెచ్చింది. ప్రోగ్రాం నూటికి తొంభై ఆరుసార్లు సరిగ్గా చెప్పింది. నాలుగో అధ్యాయంలో ఆ అంకె చూసి రెత్న మేడమ్ మొదటిసారి పెన్సిల్‌తో టిక్కు పెట్టారు. "గురువారం పదింటికి రా. సంతకం పెడతాను" అన్నారు. వైవాకి పేరు నమోదు చేసుకోవడానికి గడువు శుక్రవారం పదకొండు గంటలు. ఆపైన ప్రార్థనలకని ఆఫీసు మూసేస్తారు.

బుధవారం మధ్యాహ్నం వాళ్ల నాన్న వార్సిది మంగలి దుకాణం మూసేసి వచ్చి టీవీలో బ్యాడ్మింటన్ ఫైనల్ పెట్టుకున్నాడు. వెనింగ్‌కి ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. వసారాలోకీ వంటింట్లోకీ నాలుగుసార్లు తిరిగింది. ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్ తెచ్చి ప్రబు పంజరం పక్కన పెట్టి ప్రోగ్రాం నడిపింది. ప్రబు మెడ లోపలికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. టీవీలో జనం హోరెత్తారు. తెరమీద 'ఛాంపియన్' అని వచ్చింది.

నాన్న ఎగిరి గంతేశాడు. "చూశావా! ఎన్నాళ్లనుంచి చెబుతున్నాను, నా ప్రబు సామాన్యుడు కాదని!"

"నాన్నా, వాడసలు నోరే తెరవలేదు."

"నోరు తెరవకుండానే గెలిచాడంటే, తెరిస్తే మిగతా పిట్టలు ఏమైపోతాయో ఆలోచించు!"

ఆమె టీవీ ఆపేసింది. ప్రబు రెండుసార్లు కిచకిచమన్నాడు. 'ఇంటి పిట్ట.' టీవీ పెట్టి, పిట్ట లేకుండా ల్యాప్‌టాప్‌ని దాని ముందు ఉంచింది. మళ్లీ 'ఛాంపియన్'.

వెనింగ్ నేలమీద కూలబడింది. పోటీల్లో యజమానులను పంజరాల చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి రానివ్వరు. వాళ్లు బయట నిలబడి, జడ్జి చెవి తమ పంజరం వైపు తిరగాలని, నంబరు అరుస్తూ ఈలలు వేస్తూ గొంతు చించుకుంటారు. పుట్టినప్పటినుంచి వింటున్న అరుపులు. ఫోను పట్టుకుని నిలబడ్డ రోజు అవి ఆమె చెవికి అరుపుల్లాగే అనిపించలేదు. ప్రోగ్రాం నేర్చుకున్నది పిట్టల పాట కాదు, మనుషుల గోల.

"ఇది మీ మేడమ్‌కి తెలుసా?" నాన్న మెల్లగా అడిగాడు.

"తెలీదు. నేను చెప్పకపోతే తెలీదు కూడా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని గ్రహించి ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

గురువారం మేడమ్ గది బయట వరండాలో ఆమె వంతు నాలుగోది. తనకంటే మూడేళ్లు వెనక కాలేజీలో చేరిన దిస్తి ముందే వచ్చి కూర్చుంది.

"అక్కా, నీ కాలు ఊగుతుంటే బెంచీ మొత్తం ఊగుతోంది. సంతకానికేగా వచ్చావు, భయమెందుకు?"

"సంతకానికే వచ్చాను. భయం అందుకే."

"నీకు పిచ్చి పట్టిందక్కా. ఏడేళ్లు ఉంటే ఎవరికైనా పడుతుందనుకో."

లోపల మేడమ్ కలం మూత తీశారు. వెనింగ్ ఆ కలం పాళీ వంకే చూస్తోంది. మాట్లాడకుండా ఇంకో నాలుగు క్షణాలు ఉంటే చాలు.

"మేడమ్, ఆగండి. ఆ తొంభై ఆరు తప్పు."

చెప్పింది. బ్యాడ్మింటన్ గురించి కూడా చెప్పింది. మేడమ్ నవ్వలేదు. కలం మూత పెట్టేశారు.

"గెలిచిన పిట్టల్నీ మామూలు పిట్టల్నీ ఒకేచోట, మనుషుల గొంతు లేకుండా రికార్డు చెయ్. ఎంత వస్తే అంత నాలుగో అధ్యాయంలో రాయి. ఈ తప్పెలా జరిగిందో కూడా రాయి. రేపు పదింటిదాకా ఇక్కడే ఉంటాను."

"అంకె బాగా పడిపోతే, మేడమ్?"

"పడిపోయిందని రాయి. తేటగా రాయి. అందంగా అక్కర్లేదు."

ఇంటికి వచ్చి చెప్పగానే నాన్న చెప్పులు వేసుకుని, పిట్టలున్న వాళ్లందర్నీ పోగుచేయడానికి బయల్దేరాడు. నాలుగింటికల్లా పోటీలు జరిగే మైదానంలో ఇరవై పంజరాలు వేలాడాయి. పది బహుమతులు గెలిచినవి, పది ప్రబులాంటివి. ఇరవైమంది యజమానులు తాడు బయట నిలబడ్డారు. అందరిలోకీ పెద్ద గొంతు జుమాదిది.

"బాబాయ్, దయచేసి గంటసేపు ఎవరూ మాట్లాడొద్దు" అని వెనింగ్ బతిమాలింది.

"ఊపిరి పీల్చొచ్చా?"

"మెల్లగా."

జుమాది నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. మొదటిసారి ఎనిమిది నిమిషాలు ఆగాడు. అతని పిట్ట గొంతెత్తి పాట అందుకోగానే తువ్వాలు ఊడిపడింది. "పన్నెండో నంబరూ! ఓయ్, పన్నెండూ!"

"జుమాదీ!" అని నాన్న అరిచాడు. ఆ అరుపూ రికార్డయింది. మళ్లీ మొదటినుంచి. మూడోసారికి నాన్న జుమాదిని టీ కొట్టుకు తీసుకుపోయి కూర్చోబెట్టాడు. మిగతావాళ్లు చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, తమ పిట్టలవైపు దీనంగా చూస్తూ నిలబడ్డారు. చీకటి పడేలోగా వెనింగ్ అరవై పాటలు పట్టుకుంది.

అరవైలో ప్రోగ్రాం సరిగ్గా చెప్పినవి ముప్పై నాలుగు. కళ్లు మూసుకుని చెప్పినా ముప్పై దాకా వస్తాయి. ఆ అంకె అలాగే రాసింది. అరుపుల సంగతి రెండు పేజీలు రాసింది. శుక్రవారం పొద్దున మేడమ్‌కి మెసేజ్ రాయలేదు, పంజరం దగ్గర ఆగలేదు. తొమ్మిదిన్నరకే వరండాలో ఉంది.

మేడమ్ ఆ రెండు పేజీలూ నిలబడే చదివారు. ఒకచోట అక్షరదోషం దిద్దారు. సంతకం పెట్టారు. పదీ యాభైకి వెనింగ్ ఆఫీసు కిటికీలోంచి కాగితాలు లోపలికి తోసింది. గుమస్తా గడియారం చూసి, ఆమెను చూసి, ముద్ర కొట్టాడు.

వైవాలో అత్తెసరు మార్కులతో పాసైంది.

వెనింగ్ ఇప్పుడు సోలోకి దగ్గర్లో ఉన్న క్లాతెన్‌లో ఒక వృత్తివిద్యా పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ప్రబు ఇంతవరకూ ఏ పోటీలోనూ గెలవలేదు.