రుఖియా మేడం లవంగం

కడపలో ఒక డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పే రుఖియా మేడం నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట "ఆధారం యాడ?" పదహారేళ్లుగా ఇదే పాట. పన్ను మీద చెయ్యి వేసే ముందు పరిశోధన ఏమంటోంది, నీ అనుభవం ఏమంటోంది, రోగి ఏం కోరుతున్నాడు అని నిన్ను నువ్వే అడగాలి. చారులో ఉప్పెక్కువైందన్నా ఆధారం అడుగుతుందని ఆమె భర్త వాపోతుంటాడు. పాపం, ఆయన మాటకూ ఆధారం లేదు.

ఆ రోజు ఫైనలియర్ సుధీర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పీకాల్సిన పళ్ల కోటాలో ఒకటి తక్కువైంది. సాయంత్రం నాలుగులోపు అది పూర్తి కాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. బస్టాండులో దొరికిన ఉల్లిగడ్డల వ్యాపారి సుంకప్పను బిర్యానీ ఆశ చూపి వెంటబెట్టుకొచ్చాడు.

"ఏ పన్ను నొప్పి?" అంది మేడం.

"ఈడ తల్లీ." చూస్తే ఆ పన్ను గట్టిగా రాయిలా ఉంది. సుంకప్ప వేలు ఎడమవైపుకు మారింది. "అయితే ఈడ. ఏదో ఒకటి పీకమ్మా, ముప్పై రెండుండాయి, అన్నీ ఏం జేసుకునేది!"

"ఆధారం లేకుండా పీకేది లేదు."

సుధీర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడానికి జాలేసింది కానీ కదల్లేదు.

సుంకప్ప ముక్కు ఎగబీల్చాడు. "నీ నోట్లో లవంగం వాసన ఎందుకొస్తాంది తల్లీ?"

"ఊరికే," అంది మేడం.

"ఊరికే అనడానికి ఆధారం, మేడం?" అనేసి సుధీర్ నాలుక కరుచుకున్నాడు.

వందల మందికి సూది గుచ్చిన ఆమెకు సూదంటే శానా భయం. కానీ ఆధారం దగ్గర అబద్ధమాడడం చేతకాదు. సొరుగు తీసి, మూడు నెలలుగా దాచిన తన ఎక్స్‌రే బల్ల మీద పెట్టింది. పుచ్చు వేరు దాకా దిగిపోయి ఉంది.

"పరిశోధన పీకమంటోంది మేడం. నా అనుభవమూ అదే. మీ కోరిక?" అన్నాడు సుధీర్.

"పారిపోవాలని ఉంది," అంది నిజాయితీగా. ఎక్స్‌రే అతని వైపు తోసి, "పీకు."

కుర్చీలో పడుకుని సుంకప్ప చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూది దగ్గరకు రాగానే వేలెత్తింది. "ఏ పన్ను? చెప్పి గుచ్చు." సుధీర్ సరిగ్గానే చెప్పాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా, నోట్లో దూదితో అతని రికార్డులో సంతకం పెట్టింది. మాటిచ్చాడు కాబట్టి సుధీర్ బిర్యానీ తెప్పించాడు. సుంకప్ప ముప్పై రెండు పళ్లతో ఎముకలు కూడా వదలకుండా నమిలాడు. మేడం చల్లటి మజ్జిగ గ్లాసు పట్టుకుని అతని నోటివైపే చూస్తూ కూర్చుంది.