మోకాలంతే

శనివారం ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు అన్న కారు కవరు మీద నిలిచిన నీళ్లను చీపురుతో తోసేశాను. రాత్రంతా వాన. అప్పటికింకా తగ్గలేదు. ఏడింటికల్లా అన్న హైదర్‌గూడ ఆస్పత్రిలో డయాలిసిస్ మెషిన్ మీద ఉండాలి.

అది 2012. వారానికి మూడుసార్లు వెళ్లేవాళ్లం. ఆ వారం గురువారం మాత్రం వెళ్లలేకపోయాం. ఆ రోజు బంద్. ఆస్పత్రికి వెళ్లే బండ్లను వదిలేవారు. కానీ మాది రెండే సీట్లున్న, నేలకు జానెడెత్తులో పోయే ఎర్ర స్పోర్ట్స్ కారు. నారాయణగూడ చౌరస్తాలో ఆపినవాళ్లు వంగి లోపలికి చూసి నవ్వారు.

"దవాఖానకా? గీ బండ్లనా? జర మంచి బహానా చెప్పక్కా."

సూదులు గుచ్చిన చేయి చూపించడానికి అన్న చొక్కా మడవబోయి, మానేశాడు. "తిప్పు చెల్లె, పోదాం" అన్నాడు. తిప్పాను. శనివారానికి అతని ముఖం, పాదాలు వాచాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కుర్చీలో కూర్చున్నాడు. శుక్రవారం ఫోన్ చేస్తే మెషిన్ ఖాళీ లేదని, శనివారం కూడా తప్పితే గుండె ఆగిపోవచ్చని డాక్టరు నాతో చెప్పారు. నేను అన్నకు చెప్పలేదు. అతనికి తెలుసు.

అశోక్‌నగర్ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. 2009లో అతను ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, ఇది రోజూ వాడుకునే బండేనా అని అడిగాను. "కారంటే కారే. రోజు నడపకుంటె ఖరాబైతది" అన్నాడు. అలాగే నడిపాడు. బియ్యం బస్తాను పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి తెచ్చేవాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నే ఎక్కించేవాడు. వానాకాలంలో నీళ్లు కనిపిస్తే ముందే ఆపి, ప్యాంటు మడిచి, తనే దిగి నడిచి చూసేవాడు. పిక్క మునగకపోతే పోవచ్చు. మునిగితే వెనక్కి తిప్పాలి. ఎడమచేతికి డయాలిసిస్ కోసం ఆపరేషన్ అయ్యాక గేర్లు వేయడం అతని వల్ల కాలేదు. అప్పటి నుంచి కారు నేను నడిపాను.

ఆ ఉదయం రెండు ఆటోలను ఆపాను. నారాయణగూడ వైపు రామన్నారు. అంబులెన్స్ రావడానికి గంట పైనే పడుతుందన్నారు. రోజూ పోయే నాలా వంతెన దగ్గర దారి మూసేశారని విని చిక్కడపల్లి మీదుగా బయలుదేరాను. మెయిన్ రోడ్డు మీద కొంతదూరం పోయేసరికి ఎదురుగా ఈ చివర నుంచి ఆ చివరకు మట్టినీళ్లు. మూసిన షాపుల ముందు కూలి పని కోసం వచ్చినవాళ్లు వానకు ముడుచుకుని నిలబడ్డారు. దిగి లోతు చూడాల్సింది నేనే. కానీ పక్కన అన్న ఊపిరి చప్పుడు చేస్తోంది. అతన్ని వదిలి దిగడానికి భయం వేసింది. అద్దం దించాను. ప్లాస్టిక్ సంచి తలమీద కప్పుకున్న ఒకామె అప్పుడే నీళ్లలోంచి ఇవతలికి వచ్చింది.

"అక్కా, నీళ్లెంతున్నయి?"

"మోకాలంతే. పో, ఏం కాదు."

మోకాలంటే పిక్క దాటినట్టే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మోకాలు అన్న మాటను వదిలేసి, 'అంతే' అన్న మాటను నమ్మాను.

అన్న వద్దనలేదు. "ఫస్ట్ గేర్లనే ఉంచు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకు" అని మాత్రం చెప్పాడు.

కింద నీళ్లు కారు అడుగురేకును కొడుతున్నాయి. తలుపు అడుగు నుంచి నా పాదాల మీదికి చల్లగా వచ్చాయి. సగం దూరం పోయాక ఇంజన్ ఆగింది. మళ్లీ స్టార్ట్ చేయబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. నీళ్లు మింగింది." నీళ్లు సీటు అంచుకు వచ్చాయి. నాకు డాక్టరు మాట తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు.

ఇందాకటి ఆమే నీళ్లలో నడిచి వచ్చి, బాగా వంగి లోపలికి చూసింది.

"అయ్యో, గింత కిందికి కూసున్నరా! నేను నా మోకాలు జెప్పిన గదమ్మా. మీరు ఆడ్నే కూసుంటిరి."

"మా అన్నను దవాఖానకు తీస్కపోవాలక్కా."

ఆమె మా అన్న ముఖం చూసింది. వెనక్కి తిరిగి కేకేసింది. "ఓ, జెర రాండ్రి! మనిషికి బాగలేదు."

ఐదారుగురు వచ్చి నెట్టారు. "చిన్నగ కనవడ్తది గని బరువుంటది" అన్నాడు అన్న, కష్టంగా.

"బరువు గురించి మాకు జెప్తవా సారూ? సిమెంటు బస్తాలు మోసేటోళ్లం. నువ్వు సప్పుడుజెయ్యక కూసో."

అవతలి ఒడ్డున ఒకతను రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆటోను ఆపాడు. ఎక్కే దాకా కదలనివ్వలేదు. ఏడూ నలభైకి చేరాం. ఆ రోజు అన్న ఒంట్లోంచి నాలుగు లీటర్ల నీళ్లు తీశారు. అది అయ్యేదాకా గోడకు ఆనుకునే నిలబడ్డాను.

అన్న లేచాక మొదట అడిగింది కారు గురించే.

"ఏడున్నది?"

"చిక్కడపల్లిలనే."

"సీట్లు ఎండబెట్టాలె" అన్నాడు.

ఇంజన్ బాగు చేయించాం. నెల తిరక్కముందే మళ్లీ దాంట్లోనే వెళ్లాం. ఆ తర్వాత ఆకాశం మూసుకుంటే చాలు, వీధిలోకి వచ్చి నీళ్లు నిలిచాయేమో చూసేదాన్ని. వానాకాలం ఆఖరుకు వచ్చిందని తెలిసినా నమ్మకం కుదిరేది కాదు. ప్రతి ప్రయాణంలో అతని ఊపిరిని వింటూ నడిపాను.

అన్న 2014 జనవరిలో పోయాడు. వాన లేదు, బంద్ లేదు. రోడ్లు పొడిగా ఉన్నాయి. ఆ రోజు మేము ఆస్పత్రికి సమయానికే చేరాం.

కారు అమ్మేశాను. ఇప్పుడు నేను ఏ బండీ నడపడం లేదు.