గోటి మీద పాలచుక్క

మాధవరంలో పాలు కొనే చిన్న సొసైటీ ఒకటుంది. వచ్చిన పాలన్నిట్నీ సీసాల్లోని మందులతో పరీక్ష చేసి తీసుకోవడం పుష్పవల్లి పని. పాలు పోసేవాళ్లలో పెద్దవాడు ఆమె మేనమామ మునిరత్నం, నలభై ఏళ్లుగా ఎనుముల్ని సాకుతున్నాడు. బొటనవేలి గోటి మీద చుక్క వేసి, నిలిస్తే మంచి పాలనీ, జారితే నీళ్లపాలనీ తేల్చేస్తాడు. చిన్నప్పుడు పుష్పవల్లీ ఆ గోటినే నమ్మింది.

"ఈ సీసాలెందుకు వల్లీ, నా గోరు చాలదా?" అని ఒకనాడు అందరి ముందూ ఎగతాళి చేశాడు.

ఆమెకు ఒళ్లు మండింది. లోపలికెళ్లి పాలల్లో సగానికి సగం నీళ్లు పోసి, చిక్కటి గంజి కలిపి తెచ్చి, ఆయన గోటి మీద చుక్క వేసింది. చుక్క కదల్లేదు.

"అసలైన పాలు!" అన్నాడు.

అవే పాలల్లో ఆమె అయోడిన్ చుక్క వేసింది. గంజి ఉండేసరికి గ్లాసంతా నీలమైపోయింది.

"ఎన్నిసార్లు మోసపోయినావో నీకే తెలీదు మామా. నీ గోటిని ఏ పాలు మోసం చేస్తాయో ఒక్కసారన్నా వెతికినావా?"

మునిరత్నానికి రోషమొచ్చింది. "నీ మందేమన్నా దేవుడా? దాన్నెవరూ ఏమార్చలేరా?"

"ఏమార్చొచ్చు. గంజికి బదులు చక్కెర కలిపితే ఇది రంగు మారదు. నేనే కలిపి చూసినా, అందుకే ఇంకో పరీక్ష పెట్టినా. ఈడ ఏ సీసాకీ దండం పెట్టేది లేదు."

"నీ సీసాలన్నిట్నీ బోల్తా కొట్టించే పాలు రేపు తెస్తా, చూడు!"

పుష్పవల్లి ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"తే మామా. నలభై ఏళ్లల్లో నువ్వు చేసే మొదటి పరీక్ష అదే."