ఎడమకాలికి సెలవు

"నీ ఎడమకాలికి జీతం ఎవరిస్తున్నారయ్యా?"

అడిగింది డాక్టరమ్మ. అడిగేటప్పటికి ఆవిడ కారు వెనక సీట్లో లేదు, వెనక సీటుకీ ముందు సీటుకీ మధ్య ఇరుక్కుని ఉంది. కళ్ళజోడు రెండు ముక్కలై, ఒకటి ఆవిడ ఒళ్ళో, ఇంకొకటి కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. దిగి వచ్చి వెనక తలుపు తెరిచాడు.

ఇరవై ఏడేళ్ళుగా అతను డాక్టరమ్మ కారు నడుపుతున్నాడు. పాత బండిని అమ్మేసి ఆవిడ కొత్తది కొన్నది అంతకు రెండు రోజుల ముందే. కొత్త బండికి క్లచ్చి లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. ఆ సంగతి డ్రైవరుకు తెలుసు. అతని ఎడమకాలికి తెలియదు. మలుపు దగ్గర వేగం తగ్గగానే అది అలవాటు చొప్పున క్లచ్చి కోసం దిగింది. అక్కడ దొరికింది వెడల్పాటి బ్రేకు. క్లచ్చి తొక్కినట్టు బ్రేకును అడుగంటా తొక్కితే బండి ఆగుతుంది, లోపలున్న మనుషులు ఆగరు.

చెయ్యి తిరిగినవాడికి ఏ పనైనా సులువేనని అంటారు. ఆ మాట చెయ్యి తిరగనివాళ్ళే పుట్టించి ఉండాలి. నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఇలాంటి బండిని ఒక్క పూటలో నేర్చుకుంటారు. వాళ్ళ కాళ్ళకు మరిచిపోవలసినది ఏమీ లేదు.

"సోమవారం దాకా టాక్సీలో తిరుగుతాను" అంది డాక్టరమ్మ, దిగి చీర సర్దుకుంటూ. "సోమవారం ఊరవతల నా క్లినిక్కుంది. అప్పటికీ నీ కాలు దారికి రాకపోతే నేను ఇంకొకళ్ళని చూసుకోవాలి. నా ఎముకలు నీ ఈడువి కావు."

"కళ్ళజోడు ఖర్చు నేనే పెట్టుకుంటానండీ. మూడు నెలల్లో జీతంలోంచి కోసుకోండి."

"ఆరు నెలల్లో కోస్తాను. ఇల్లు గడవద్దూ?"

ఆ సాయంత్రం మెకానిక్ అయిన బావమరిది అతన్ని మూతబడ్డ గోదాము ఆవరణకు తీసుకెళ్ళి ఆ కొత్త బండి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

"బావా, ఇదిగో, పి అంటే నిలబెట్టడం. ఆర్ వెనక్కి. ఎన్ ఖాళీ. డి ముందుకి. ఇంతే."

"మరి ఒకటి, రెండు, మూడు?"

"అవి లోపల అదే వేసుకుంటుంది."

"నాకు చెప్పకుండానా?"

"నీకెందుకు చెప్పాలి? నువ్వేమన్నా దానికి మామగారివా?"

డ్రైవరు లివరు లాగాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. "పాడైపోయినట్టుందిరా!"

"బ్రేకు తొక్కి లాగు."

"ఆగి ఉన్న బండికి బ్రేకెందుకురా?"

"అది అడుగుతోంది బావా, నేను కాదు."

బ్రేకు తొక్కితే లివరు వెన్నలా కదిలింది. డి దగ్గర పెట్టి బ్రేకు వదిలాడు. బండి మెల్లగా ముందుకు పాకింది.

"నేనేం తొక్కలేదే! ఇదెక్కడికి పోతోంది?"

"దాని గుణం అంతే. వద్దంటే బ్రేకు మీద కాలుంచు, కావాలంటే యాక్సిలరేటరు తొక్కు. రెండూ కుడికాలే. ఎడమకాలిని మరిచిపో."

మరిచిపో అన్నంత మాత్రాన ఎవరైనా మరిచిపోయారా? గోదాము చుట్టూ పదకొండు చుట్లు తిరిగారు. బావమరిది నాలుగుసార్లు నుదురు కొట్టుకున్నాడు, రెండుసార్లు డాష్‌బోర్డుకు, రెండుసార్లు తన అరచేత్తో.

ఇంటికొచ్చి డ్రైవరు అన్నం ముందు కూర్చుని ఎడమకాలి వంకే చూస్తున్నాడు. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సంగతంతా విని కుట్టు మిషను వైపు తల ఊపింది.

"దీనికి మోటారు పెట్టించినప్పుడు నా పనీ ఇంతేగా. తొక్కక్కర్లేదని తెలిసీ కాళ్ళు ఊగుతూనే ఉండేవి. దారం తెగి, గుడ్డ పాడై, ఎన్ని తిట్లు తిన్నానో."

"ఎలా మాన్పించావు?"

"చెప్పులు విప్పేసి కూర్చున్నా. పనికి పోయే కాలికి చెప్పుంటుంది. విప్పేస్తే ఇవాళ సెలవని దానికే తెలుస్తుంది. మీరూ ఆ ఒక్క బూటూ విప్పి చూడండి."

నవ్వబోయి ఆగాడు. వేరే దారి అతని దగ్గరేమీ లేదు. ఆదివారమంతా ఎడమకాలి బూటు పక్కసీటు కింద పెట్టి, ఒట్టి కాలిని సీటు దగ్గరికి ముడుచుకుని, గోదాము చుట్టూ తిరిగాడు. కింద పరిచిన చల్లటి రబ్బరు పట్టా తగిలినప్పుడల్లా కాలు ఉలిక్కిపడి ఆగిపోయింది. మందు పనిచేసిందో, కాలే అలిసిపోయిందో అతనికి అర్థం కాలేదు.

సోమవారం డాక్టరమ్మ ఎక్కి, ఒక చేత్తో ముందు సీటును పట్టుకుంది. ఆ చెయ్యి వంతెన దాకా వదల్లేదు. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారింది. గేరు పడిందా, విడిందా? అతని చెయ్యి లివరు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. వంతెన దిగగానే ఒక సైకిలు అడ్డంగా వచ్చింది. ఒట్టి కాలి వేళ్ళు పట్టాను గట్టిగా పట్టుకున్నాయి, కాలు మాత్రం కదల్లేదు. కుడికాలు బ్రేకు తొక్కింది. బండి నిదానంగా ఆగింది. వెనక నుంచి కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ రెండు చేతులతో రిపోర్టు చదువుకుంటోంది.

క్లినిక్కు ముందు పి లో పెట్టి, గబగబా దిగి తలుపు తీశాడు.

"ఆ రెండో బూటేదయ్యా?"

"సెలవులో ఉందండీ."

ఆవిడ అతని కాలినీ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "రేపు ఎనిమిదింటికి వచ్చెయ్యి" అని లోపలికి వెళ్ళింది.

ఉద్యోగం నిలిచింది. కానీ తాను బండి నడిపాడో, బండి తనను తీసుకొచ్చిందో డ్రైవరుకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి అన్నం తింటూ భార్యను అడుగుదామనుకున్నాడు. బల్ల కింద ఆవిడ రెండు పాదాలూ మెల్లగా ఊగుతున్నాయి. మిషనుకు మోటారు పెట్టించి పదకొండేళ్ళయింది. అడగలేదు.

నెలాఖరున జీతంలోంచి కళ్ళజోడు కింద కోయవలసిన ఆరు వాయిదాల్లో ఒకటి తీరింది, ఇంకా అయిదు బాకీ.