సగం బెజ్జాల పలక

మా ఉదయగిరి చెంచాల మేస్త్రి పోయాడన్న కబురు నాకు ఆత్మకూరులో, మా మనవరాలు చదివే డిగ్రీ కాలేజీ ఆఫీసు కిటికీ ముందు అందింది. నా డైరీ ప్రకారం ఆ కిటికీ దగ్గరికి నేను వెళ్ళడం అది పద్నాలుగోసారి. లోపల గుమాస్తా తల ఎత్తకుండానే, "ఫైలు పైకి పోయిందవ్వా, రావాల" అంటున్నాడు. పదమూడోసారీ ఇదే మాట చెప్పాడు. అప్పుడే ఫోను మోగింది. మేస్త్రి భార్య.

"మేస్త్రి పోయినాడమ్మా. పొద్దున్నే మీ పలక ముందర కూర్చున్నాడు. కాఫీ తీసకపోయి చూస్తే అట్నే ఒరిగి ఉండాడు."

నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయాను. గుమాస్తా, "పక్కకి జరగవ్వా, ఎనక లైను ఉండాది" అన్నాడు.

ఆ పలక కథ చెప్పకుండా మేస్త్రి సంగతి చెప్పలేను. మా మనవరాలికి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. బి.ఏ.లో అర్థశాస్త్రం తీసుకుంది. పాఠాలు ఫోనులో విని నేర్చుకుంటుంది. పరీక్షలో ఆమె చెబుతుంటే రాసిపెట్టడానికి ఒక జూనియర్ అమ్మాయిని ఇస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒక్క పేపరు రెండుసార్లు తప్పింది. డబ్బు కట్టి జవాబుపత్రం నకలు తెప్పించి చూశాను. ప్రతి పెద్ద జవాబు పక్కనా ఎర్ర సిరాతో 'పటం లేదు' అని ఉంది. డిమాండు రేఖ గీయలేదట. చూపు లేని పిల్ల గీయలేదని మార్కులు కోసిన మనిషి, ఆ పిల్లకు చూపు లేదని అట్ట మీదే రాసి ఉన్న సంగతి చదవలేదు.

నేనూ తక్కువ తప్పు చేయలేదు. మొదటిసారి తప్పినప్పుడు, "పటాలు ఒదిలేయ్, మిగతాది కంఠతా పట్టు" అని ఆమెను గదమాయించాను. నేనూ డిగ్రీ చదివినదాన్నే, అయినా నాకు తోచింది అంతే. మేస్త్రికి అలా తోచలేదు.

ఆయన ఇల్లు మా వెనక వీధిలో. కొండ మీది నర్ది చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కేవాడు. పెన్సిలు ఎప్పుడూ చెవి మీదే ఉండేది. గీత పెట్టే ముందు దాని మొన నాలుకకు అద్దుకునేవాడు. పూర్తయిన ప్రతి చెంచానూ కళ్ళు మూసుకుని పెదవికి తాకించి చూసి, నచ్చకపోతే పక్కన పడేసేవాడు. "కన్ను మెచ్చుకుంటే గిరాకీ, చెయ్యి మెచ్చుకుంటే పని" అనేవాడు. ఒకరోజు గరిటె కోసం వెళ్ళి, జవాబుపత్రం సంగతి ఆయన ముందు వెళ్ళగక్కాను. అంతా విని, "ఆ గీతలేందో ఒక కాయితం మీద వేసియ్యమ్మా" అన్నాడు.

నాలుగు రోజులకు పలక తెచ్చాడు. డిమాండు రేఖ, సప్లయి రేఖ చెక్క మీద ఉబ్బెత్తుగా చెక్కి, అలవాటుకొద్దీ ఉప్పు కాగితంతో మూడుసార్లు రుద్ది, నూనె పట్టించాడు. చూడటానికి అద్దంలా ఉంది. మా మనవరాలు దాని మీద వేళ్ళు అటూ ఇటూ జరిపి, "తాతా, దీంట్లో ఏం లేదే!" అంది.

ఆయన మొహం చూడాలి. చెంచా అన్నాక నోటికి గుచ్చుకోకూడదు గదా, గీతలన్నీ అరగదీసి నున్నగా చేసేశాడు. కాసేపు తల గోక్కుని నవ్వాడు. "నలభై ఏండ్లు నునుపు నేర్చినాను తల్లీ. ఇప్పుడు గరుకు నేర్పిస్తా ఉండావు నువ్వు. కానీ, నేర్చుకుంటా."

నేర్చుకున్నాడు. ఉలి గాటు గాటుగానే వదిలేశాడు. ఒక గీత గాట్లు గాట్లుగా, ఒకటి మెట్లు మెట్లుగా చేశాడు, రెండూ కలిసిపోకుండా. మొత్తం పదిహేడు పలకలు చేశాడు. సగటు వ్యయ రేఖ కాగితం చూసినప్పుడు మాత్రం నన్నే ఎగతాళి చేశాడు. "ఇది గరిటె బొజ్జ గదమ్మా! దీనికోసరం ఆత్మకూరు దాకా పోయి చదవాల్నా? నా దగ్గిర కూర్చోనుంటే నేనే చెప్పుందును."

మనవరాలు పడీపడీ నవ్వింది. ఆ రేఖ ఆమె ఇక జన్మలో మరిచిపోదు.

చదువు అలా కుదిరింది. పరీక్ష మిగిలింది. నోటితో 'పైనుంచి కిందికి వంగుతుంది' అని చెబితే, ఆ పాఠం ఎరగని జూనియర్ అమ్మాయి తన ఇష్టం వచ్చినట్టు వంచుతుంది. మేస్త్రి రెండు రోజులు ఆలోచించి, వాళ్ళావిడ అటక మీద పెట్టిన వామనగుంటల పీట దించాడు. దాన్ని చూసుకుంటూ కొత్త పలక ఒకటి చేశాడు. ఇరవై వరుసలు, వరుసకు ఇరవై సన్నని బెజ్జాలు, వాటిలో దూర్చడానికి చెక్క చీలలు. మనవరాలు చీలలు గుచ్చి, వాటికి దారం చుట్టి రేఖ కడుతుంది. ఆ అమ్మాయి దాన్ని చూసి కాగితం మీద గీస్తుంది. పలకలో పాఠం ఏమీ ఉండదు, ఉత్త బెజ్జాలే. కాపీ కొట్టడానికి ఏముంది?

దీనికి అనుమతి కావాలన్నారు. సరే, అడిగాను. "ఇంతవరకూ ఎవురూ అడగలేదే" అన్నారు. ఈ మాట నేను ఆరుసార్లు విన్నాను. ఎవరూ అడగలేదంటే అవసరం లేదని కాదు, అడిగి అడిగి విసిగి చదువు మానేశారని. కాలేజీలో ఒక గదికి 'దివ్యాంగుల సహాయ కేంద్రం' అని పెద్ద బోర్డు ఉంది. చక్రాల కుర్చీ వెళ్ళడానికి ఏటవాలు దారి కూడా కట్టారు. ఆ దారి చివర తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే లోపల విరిగిన బెంచీలు.

ఒకసారి మేస్త్రి కూడా నాతో బస్సెక్కి వచ్చాడు, పలక తానే చూపిస్తానని. ఉతికిన చొక్కా వేసుకుని, పలకను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నారని మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చోబెట్టారు. గుమాస్తా తువ్వాలు వైపు చూసి, "ఏం పెద్దాయనా, చెంచాలు అమ్మను వచ్చినావా?" అన్నాడు.

"లేదు నాయనా. ఆడుకోను పీట తెచ్చినా. మీకు పొద్దుపోతా ఉన్నట్టు లేదు" అన్నాడు మేస్త్రి, నవ్వకుండా.

చివరికి 'నమూనాగా పై ఆఫీసుకు పంపాలి' అని పలకను తీసుకున్నారు. రసీదు అడిగితే వింతగా చూశారు. నేను పలక పొడవు, వెడల్పు, మందం, బెజ్జాల సంఖ్య కాగితం మీద రాసి, పట్టుబట్టి సంతకం చేయించుకున్నాను. మేస్త్రి బస్సులో చాలాసేపు ఖాళీ తువ్వాలు మడతలు పెడుతూ కూర్చున్నాడు. దుత్తలూరు దాటాక, "అది తిరిగి రాదులేమ్మా. ఇంకోటి మొదులు పెడతా" అన్నాడు.

ఆ రెండో పలక కోసమే నేను ఆయన్ని తొందరపెట్టాను. శుక్రవారానికి అన్నావు, శనివారం అయింది అని ఫోనులో దెప్పాను కూడా. "చెక్క ఆరలేదమ్మా. పచ్చి మీద తొలిస్తే బెజ్జం బిగుస్తాది, బిడ్డ చీల దిగదు" అన్నాడు ఓపికగా. తప్పు చేసిన ఆఫీసును ఏమీ చేయలేక, పని చేస్తున్న మనిషి మీద కసిరాను. ఇది కూడా డైరీలో రాసుకున్నాను.

ఆయన పోయిన తొమ్మిదో రోజు, గురువారం, అనుమతి కాగితం వచ్చింది. 'సమర్పించిన పలకను వాడుకొనుటకు అనుమతించడమైనది.' శనివారం పరీక్ష. ఆ సమర్పించిన పలక ఏదని గుమాస్తాకు ఫోను చేశాను.

"పై ఆఫీసులో ఉండాదవ్వా."

"పరీక్ష ఎల్లుండి గదా, తెప్పించు."

"పలక పంపమని లెటర్లో లేదే! పరీక్షలు అయినాక వస్తాదిలే."

మిగతా పేపర్లన్నీ పాసైంది, ఈసారి ఇది తప్పితే పీజీ సీటు పోతుంది. ఫోను పెట్టేశాను. మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆదివారం పెద్దకర్మ. అది అయ్యేవరకు ఆ ఇంట్లో ఉలి, బెజ్జాలు తొలిచే బరమా ముట్టరు. వేరేవాళ్ళ బరమాతో తొలిస్తే ఆయన చేసిన చీలలు సరిపోవు. ఆయన భార్య లోపలి నుంచి పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. కింద నుంచి పన్నెండు వరుసల బెజ్జాలు పూర్తయ్యాయి. పదమూడో వరుసలో ఏడు. ఆపైన అన్నీ పెన్సిలు చుక్కలే.

మనవరాలు వేళ్ళతో వరుసలు లెక్కపెట్టింది. పదమూడో వరుసలో ఏడో బెజ్జం తర్వాత వేలు ఆగింది. తర్వాత, "చాల్లే అవ్వా. గీత చిన్నదిగా వేస్తే గీత గాకుండా పోతాదా?" అంది.

శనివారం హాలు గుమ్మంలో పర్యవేక్షకుడు పలకను తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. నా దగ్గరున్న కొలతల కాగితంతో పోల్చి, "ఇది అది కాదు గదమ్మా. దాంట్లో నాన్నూరు బెజ్జాలు, దీంట్లో తక్కువ ఉండాయే" అన్నాడు.

"తక్కువ ఉంటే మీకేం నష్టం నాయనా?" అన్నాను. నా గొంతు వరండా అంతా వినపడింది. "చేసేవాడు చచ్చిపోయినాడు. మీ కాయితం రాకముందే చచ్చిపోయినాడు. సంతకం నేను పెడతా, ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆయన కొలతల కాగితం మడిచి నాకిచ్చి, పలకను మనవరాలి చేతికిచ్చాడు.

మూడు గంటల తర్వాత బయటికి వచ్చింది. ఎలా రాశావని అడిగితే, "పటాలన్నీ వేయించినా" అని మాత్రం అంది. ఫలితం ఇంకా రాలేదు. వస్తే చెప్పడానికి మేస్త్రి లేడు. ఉదయగిరి బస్సులో పలకను ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. చివరి జవాబు రేఖను విప్పలేదు. దారం ఎడమ మూల కింది బెజ్జం నుంచి చీల చీలా పట్టుకుని పైకెక్కి, పదమూడో వరుసలో ఏడో చీలకు ముడిపడి ఉంది. దాని పైన చెక్క మీద, నాలుకకు అద్దిన పెన్సిలుతో పెట్టిన చుక్కలు అంచుదాకా, వరుస తప్పకుండా.